ముగ్గురం మాట్లాడుకున్న కథ ఇప్పుడు ఎవరిది?

అనంతపురం నుంచి ఒక పాఠకురాలు రాశారు. ఉత్తరం పెద్దది, అందుకే ముఖ్యమైన సంగతులు మాత్రమే ఇక్కడ ఇస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆమెకు 27 ఏళ్లు, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతారు. డిగ్రీలో కలిసి చదివిన ఇద్దరు స్నేహితులతో శుక్రవారం రాత్రుళ్లు కూర్చుని సినిమాలు, కథలు, రాయడం గురించి మాట్లాడుకుని, దాన్నే పాడ్‌కాస్ట్‌గా పెడుతుంటారు. ఒకతను పెళ్లిళ్లకు వీడియోలు తీసే స్టూడియో నడుపుతాడు. రికార్డింగ్ అక్కడే, షట్టరు సగం దించి, ఫ్యాను ఆపేసి. ఇంకొకతను ధర్మవరంలో చీరల షాపులో లెక్కలు చూస్తాడు, ఎడిటింగ్ అతనిదే. వినేవాళ్లు కొన్ని వందలమంది. డబ్బులేమీ రావు, ఎవరూ ఆశించలేదు కూడా.

ఒక శుక్రవారం, మన వైపు కరువును సినిమాల్లో సరిగ్గా ఎందుకు చూపించరు అని మాట్లాడుకుంటూ ఉంటే ఈమె తన అవ్వ సంగతి చెప్పారు. అవ్వది కళ్యాణదుర్గం వైపు పల్లె. వాన మొహం చాటేసిన ఒక ఏడు, విత్తనానికని దాచిన శెనక్కాయల మూట ఒక్కటే ఇంట్లో మిగిలింది. పిల్లలు ఆకలని ఏడ్చినా అవ్వ ఆ మూట ముట్టనివ్వలేదు. ఆఖరికి బెంగళూరుకు బేల్దారి పనికి వెళ్లిపోవాలని నిశ్చయించుకున్న రాత్రి, ఆ విత్తనక్కాయల్నే మంగలంలో వేయించి పిల్లలకు పెట్టింది. వేయించే ముందు కిటికీకి తడి గోనెపట్ట కట్టింది, వాసన పక్కింటికి పోకూడదని. విత్తనం తినేశారని ఊళ్లో తెలిస్తే తలెత్తుకోలేమని ఆమె భయం. తెల్లారకముందే ఇంటికి తాళం వేసి బస్సెక్కారు.

అది విని ధర్మవరం స్నేహితుడు, "వాళ్లలో చిన్నోడు ఒక పచ్చి కాయ జేబులో దాచుకున్నాడనుకో, ఎట్లుంటుంది?" అన్నాడట. ఆ మాట కూడా ఎపిసోడ్‌లో ఉంది.

ఇప్పుడు స్టూడియో స్నేహితుడు దీన్నే షార్ట్ ఫిల్మ్‌గా రాశాడు. హైదరాబాద్‌లో ఎవరో డబ్బు పెడతామన్నారు, షూటింగ్ వచ్చే నెల. వాట్సాప్‌లో పోస్టరు చూస్తే గానీ ఈమెకు తెలియలేదు. అందులో కథ, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం అని అతని పేరొక్కటే ఉంది. అడిగితే, "పాడ్‌కాస్ట్‌లో మాట్లాడుకున్నవి ముగ్గురివీ. నువ్వు చెప్పావు అంతే, రాసింది నేను. కృతజ్ఞతల్లో నీ పేరు వేస్తాలే" అన్నాడు. మూడో అతను నోరు మెదపలేదు. కొన్ని శుక్రవారాలుగా ఈమె వెళ్లడం లేదు. ఇంట్లో చెబితే అమ్మ "ఆ సినిమా గోల మనకెందుకని ముందే చెప్పినా కదా" అంటుందని చెప్పలేదు. "నాది చిన్నబుద్ధా? కేసు వెయ్యాలా, మానెయ్యాలా, ఊరుకోవాలా?" అని అడుగుతున్నారు.

మీది చిన్నబుద్ధి కాదండీ. ఆ అనుమానాన్ని ముందు పక్కన పెట్టేయండి, లేకపోతే రేపు మాట్లాడటానికి కూర్చున్నప్పుడు మీరే సగం తగ్గి మొదలుపెడతారు. పోస్టరు బయటికొచ్చేదాకా మీకు తెలియకపోవడమే ఇందులో అన్నిటికన్నా పెద్ద సంగతి, పేరు గొడవ దాని తర్వాతే. ప్రతి శుక్రవారం ఎదురెదురుగా కూర్చునే మనిషి, ఇరవై పేజీలు రాస్తున్నన్నాళ్లూ ఒక్కసారైనా "నీ అవ్వ కథ రాస్తున్నా" అనలేకపోయాడు. ఎందుకనలేదో అతనికే తెలియాలి. నా ఊహ మాత్రం, అడిగితే మీరు వద్దంటారేమోనన్న భయం. దురుద్దేశం కన్నా భయంతోనే ఇలాంటివి ఎక్కువ జరుగుతాయి. ఏళ్లుగా పక్కవాళ్ల పెళ్లిళ్లు తీస్తున్న మనిషికి తనదంటూ ఒకటి తీసే అవకాశం మొదటిసారి వచ్చింది. ఇది అతన్ని సమర్థించడానికి చెప్పడం లేదు, మీరు ఎదురుగా కూర్చున్నప్పుడు అతన్ని దొంగలా చూస్తే మాట ముందుకు సాగదని చెబుతున్నాను.

"చెప్పావు అంతే" అన్నాడే, ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట ఆడించే కుటుంబాలు తరతరాలుగా రామాయణం ఆడుతున్నాయి. వాళ్లెవరూ రామాయణం రాయలేదు. అయినా ఆ ఆట వాళ్లది కాదని మన జిల్లాల్లో ఎవరంటారు? చెప్పడం కూడా పనే. మీరు ఆ రోజు మైకు ముందు కరువు ఏ సంవత్సరమో, వాన ఎన్ని సెంటీమీటర్లు పడిందో చెబుతూ మొదలుపెట్టలేదు, తడి గోనెపట్ట దగ్గర మొదలుపెట్టానని ఉత్తరంలో మీరే రాశారు. వాసన బయటికి పోకూడదన్న భయం ముందు వచ్చింది, ఆ వాసన దేనిదో తర్వాత తెలిసింది. ఏది ముందు చెప్పాలి, ఏది దాచాలి అని ఎంచుకున్నది మీరే. కథ కట్టడమంటే అదే. స్క్రిప్టులో మొదటి సీనూ అదే గోనెపట్టతో మొదలవుతుందని రాశారు కాబట్టి, అతను మీ దగ్గర తీసుకున్నది ఒట్టి సమాచారం కాదు.

అలాగని మొత్తం మీదే అనడానికీ లేదు. జేబులో దాచిన పచ్చి కాయ మీ అవ్వ జీవితంలో లేదు, అది ధర్మవరం అబ్బాయిది. నాకు తెలిసినంతలో ఆ ఒక్క మాటతోనే ఈ జ్ఞాపకం సినిమా కథ అయింది, ఎందుకంటే అక్కడ ఒక చివర దొరికింది. ఇక సీన్లు విడగొట్టి, మాటలు రాసి, ఏది ఎక్కడ తీయాలో ఆలోచించి పేజీల మీద పెట్టింది స్టూడియో అబ్బాయి. ముగ్గురిదీ ముగ్గురికి ఉంది. ఎపిసోడ్ ఇంకోసారి వినండి, ఒక కాగితం మీద ఎవరు ఏ మాట అన్నారో నిమిషాలతో సహా రాసుకోండి. కోపంలో ఉన్నప్పుడు మనకు మన మాటలే గుర్తుంటాయి. ఆ కాగితం మీ దగ్గరుంటే మీ గొంతు తగ్గించక్కర్లేదు, పెంచక్కర్లేదు.

కేసు సంగతి. ఇక్కడ మీకు తీపి మాటలు చెప్పి పంపలేను. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, దాని ప్రకారం ఆలోచనకు, ఇతివృత్తానికి, జరిగిన సంఘటనకు హక్కు ఉండదు. చెప్పిన తీరుకు, రాసిన రూపానికే హక్కు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఆయన ప్రాంతాల మధ్య చిన్నచూపు మీద నాటకం రాశారు, ఒక సినిమా దర్శకుడికి వినిపించారు, తర్వాత అదే విషయం మీద ఆ దర్శకుడి సినిమా వచ్చింది. ఆ విషయం ఎవరైనా తీసుకోవచ్చు, రెండూ చూసిన మామూలు ప్రేక్షకుడికి ఇది దానికి నకలే అని తిరుగులేకుండా అనిపిస్తేనే కాపీ అవుతుంది అన్నారు. ఆనంద్ ఓడిపోయారు. ఆయన దగ్గర రాసిన నాటకమే ఉంది, మీ దగ్గర ఉన్నది నోటితో చెప్పిన నిజ సంఘటన. కరువు, వలస, విత్తనం తినడం మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో జరిగిందో, దాని మీద ఎవరైనా సినిమా తీయొచ్చు. గోనెపట్టతో మొదలుపెట్టి, అదే వరసలో, మీ మాటల్నే పాత్రలతో చెప్పిస్తే మాత్రం మీ వాదనకు కొంత బలం ఉంటుంది. ఎపిసోడ్ రికార్డయి, తేదీతో అప్‌లోడ్ అయి ఉండటం మీకు మంచి సాక్ష్యమే. కానీ సాక్ష్యం ఉండటం వేరు, గెలవడం వేరు.

ఇందులో ఇంకో చిక్కుంది. సౌండ్ రికార్డింగ్ మీద హక్కు నిర్మాతకు అంటుంది చట్టం. నిర్మాతంటే దాన్ని చేయడానికి పూనుకుని బాధ్యత మోసినవాళ్లు. మీ ముగ్గురిలో నిర్మాత ఎవరు? మైకులు అతనివి, ఎడిటింగ్ ఇతనిది, మాటలు మీవి, కాగితం మీద ఏమీ లేదు. రా ఫైల్స్, అంటే ఎడిట్ చేయని రికార్డింగులు, అన్నీ స్టూడియో హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయని రాశారు. ఏ దారి ఎంచుకున్నా సరే, మీరు మాట్లాడిన ఎపిసోడ్ల కాపీ ముందు తెచ్చుకోండి, అడగడంలో తప్పేమీ లేదు.

లాయరు నోటీసు పంపితే ఏమవుతుంది? డబ్బు పెట్టే హైదరాబాద్ మనిషి వెనక్కి తగ్గొచ్చు, సినిమా ఆగొచ్చు. అది మీకు కావాలా? కావాలంటే అదీ న్యాయమే, నేను కాదనను. కానీ ఆ రోజు నుంచి మీ ముగ్గురి మధ్య మాటలుండవు, చిన్న ఊళ్లో కాలేజీలోనూ బజార్లోనూ ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటారు. పంపకపోయినా సలహా తీసుకోవడంలో నష్టం లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. జిల్లా కోర్టుకు వెళ్లి అడగండి, ఎపిసోడ్ వినిపించి, స్క్రిప్టు దొరికితే అది చూపించండి. మీ బలం ఎంతో తెలుసుకుని మాట్లాడితే టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇప్పుడు మీరు రాయని మనిషి గురించి అడుగుతాను. మీ అవ్వకు ఇది తెలుసా?

ఉత్తరమంతా రెండుసార్లు చదివాను, ఆమెను అడిగినట్టు ఎక్కడా లేదు. పక్కింటికి కూడా తెలియకూడదని కిటికీకి గోనెపట్ట కట్టిన మనిషి ఆమె. ఇన్నేళ్ల తర్వాత వంటింట్లో మనవరాలికి చెప్పుకుంది. మీరు స్నేహితులకు చెప్పారు, వాళ్లతోపాటు కొన్ని వందలమంది విన్నారు, రేపు షార్ట్ ఫిల్మ్ వస్తే ఆ పల్లెలోనే ఎవరో ఫోన్‌లో చూస్తారు. చిన్న సినిమా కదా ఎవరు గుర్తుపడతారు అనుకోకండి, పల్లెల్లో తడి గోనెపట్ట చాలు గుర్తుపట్టడానికి. మిమ్మల్ని అడగకుండా అతను రాశాడని మీకు ఎంత బాధ కలిగిందో, అదే కొలత ఆమెకూ వర్తిస్తుంది. మిమ్మల్ని నిందించాలని కాదు, ప్రేమతోనే చెప్పారని ఉత్తరం చదివితే తెలుస్తోంది. కానీ ఆమె మాట తెలియకుండా మీరు "నా కథ" అని వెళ్లి కూర్చుంటే, అతను ఆ ఒక్క ప్రశ్న వేస్తే మీ దగ్గర జవాబుండదు.

అడిగేటప్పుడు షార్ట్ ఫిల్మ్, పాడ్‌కాస్ట్ అని మొదలుపెట్టకండి. "అవ్వా, విత్తనక్కాయలు వేయించిన రాత్రి సంగతి నా స్నేహితులకు చెప్పినా, అది చానామంది విన్నారు, ఇప్పుడు దాన్ని బొమ్మగా తీస్తామంటున్నారు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఆ తర్వాత ఆమెను మాట్లాడనివ్వండి. సంతోషపడొచ్చు. మన పెద్దవాళ్లలో చాలామందికి తమ కష్టం ఎవరైనా అడిగితే చెప్పుకోవాలనే ఉంటుంది. పేరు, ఊరు రాకుండా చూసుకోమనొచ్చు, అప్పుడు ఊరు మార్చడం, గోనెపట్ట బదులు ఇంకోటి ఆలోచించడం లాంటివి ముగ్గురూ చర్చించుకోవచ్చు. వద్దు అని ఏడవొచ్చు కూడా. అదే జరిగితే మీరు అడగాల్సింది పేరు కాదు, ఆ సీను తీసేయమని అడగాలి. ఎపిసోడ్‌లో మీరు చెప్పిన ఆ భాగాన్ని కూడా కత్తిరించి మళ్లీ పెట్టించాలి, ఇప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ల దగ్గర ఉండిపోతుంది, దానికేమీ చేయలేం. ఇంకా కష్టమైనదేమిటంటే, ఆమె వద్దన్న కథను రేపు మీరూ రాయకూడదు. అది వదులుకోగలరో లేదో ఇప్పుడే ఆలోచించుకుని వెళ్లండి.

ఆమె సరేనంటే మీ ముందు రెండు దారులున్నాయి, రెండూ ఒకేసారి నడవొచ్చు కూడా.

మొదటిది, షూటింగ్‌కు ముందే టైటిల్ కార్డు తేల్చుకోవడం. కృతజ్ఞతల్లో పేరు అంటే లొకేషన్ ఇచ్చినవాళ్లు, భోజనం పెట్టినవాళ్లు, జనరేటర్ అరువిచ్చినవాళ్లతోపాటు మీరు. దానికి ఒప్పుకుంటే గొడవ ఉండదు, స్నేహం పైకి మామూలుగా సాగుతుంది, కానీ మీ ఉత్తరంలో ఉన్న కోపం చూస్తే అది లోపలే ఉడుకుతుందని నాకనిపిస్తోంది. "మూలకథ" అని విడిగా ఒక కార్డులో మీ పేరు రావడం న్యాయంగా ఉంటుంది, ఆ మాటకు సినిమావాళ్లలో అర్థముంది, రేపు ఎవరికైనా చూపించుకోవచ్చు. ధర్మవరం అబ్బాయికి "కథా సహకారం" పడాలి. స్క్రీన్‌ప్లే, మాటలు, దర్శకత్వం అతనివే, అందులో మీరు వేలు పెట్టకండి. ఇలా అడిగితే అతని నుంచి లాక్కున్నట్టు ఉండదు.

మాటతో సరిపెట్టుకోకుండా ఒక పేజీ రాసుకోండి. ఈ అనుమతి షార్ట్ ఫిల్మ్ వరకేనని, పెద్ద సినిమాగానో వెబ్ సిరీస్‌గానో తీయాలంటే మళ్లీ కూర్చోవాలని స్పష్టంగా ఉండాలి. హక్కులు ఇచ్చే కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా లెక్కిస్తుంది, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకు. అందుకే రెండూ రాయాలి. స్నేహితుల మధ్య కాగితాలేంటి అంటాడు. మన తాడిపత్రి నుంచి మూలా నారాయణస్వామి, కె.వి. రెడ్డి అనే ఇద్దరు స్నేహితులు మద్రాసులో సినిమాల్లోకి వెళ్లారు. వాహిని అనే సినిమా సంస్థలో ఒకరిది పెట్టుబడి, ఇంకొకరు నిర్మాణం పనులూ లెక్కలూ చూసుకుంటూ మొదలై తర్వాత పెద్ద దర్శకుడయ్యారు. ఎవరి పని ఏదో తెలిసి ఉండటం వల్ల స్నేహానికి లోటేమీ రాదని అతనికి చెప్పండి.

రెండో దారి నాకు ఎక్కువ ఇష్టం. మీరు రాయండి. తెలుగు చెప్పే మనిషి, మైకు ముందు గోనెపట్టతో కథ మొదలుపెట్టిన మనిషి, ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదో నాకు అర్థం కావడం లేదు. షార్ట్ ఫిల్మ్‌లో పట్టేది ఆ ఒక్క రాత్రి. బస్సులో వాళ్లు ఏం మాట్లాడుకున్నారు, బెంగళూరులో ఎక్కడ పడుకున్నారు, తిరిగొచ్చి తాళం తీసినప్పుడు ఇంట్లో ఏముంది, మళ్లీ విత్తనం ఎవరిచ్చారు, ఇవన్నీ మీ అవ్వకు మాత్రమే తెలుసు, అడిగి రాసుకోగలిగింది మీరే. రాసిన కథను ఢిల్లీలోని కాపీరైట్ ఆఫీసులో నమోదు చేసుకోవచ్చు, సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు, దరఖాస్తు తర్వాత అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. నమోదు తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు మీది, మీ జీవితకాలం తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం ఉంది, సభ్యులైతే అక్కడా కథలు నమోదు చేసుకోవచ్చు. ఈ దారిలో నష్టమేమిటంటే, అతని సినిమా ముందు వస్తుంది, మీ కథ చదివినవాళ్లు "ఆ సినిమాలోదే కదా" అంటారు. అందుకే మొదటి దారిలో అడిగే ఆ "మూలకథ" కార్డు రెండో దారికి కూడా అవసరం.

అతను దేనికీ ఒప్పుకోకపోతే? అప్పుడు సినిమాను ఆపాలా వద్దా అనేది మీ అవ్వ మాట మీద, లాయరు చెప్పేదాని మీద ఆధారపడుతుంది. కార్డు ఇవ్వనన్న మనిషితో ప్రతి శుక్రవారం కూర్చుని సృజన గురించి, కథల గురించి మాట్లాడటం మాత్రం మీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. పాడ్‌కాస్ట్ వదులుకోవాల్సి వస్తుంది, అది నిజంగా నష్టమే. ఒప్పుకుంటే మాత్రం మానకండి. ఇకమీదట ఎవరైనా సొంత ఇంటి సంగతి చెప్పబోతే, ముందే మైకులో "ఇది నాది, నేను రాసుకుంటాను" అనో, "ఎవరైనా వాడుకోండి" అనో ఒక మాట చెప్పేయండి. రా ఫైల్స్ కాపీలు ముగ్గురి దగ్గరా ఉండాలి.

ధర్మవరం అబ్బాయి మౌనం గురించి మీరు చాలా కోపంగా రాశారు. అతని ఊహ కూడా పోస్టరులో లేదు కదా, ఆ మౌనంలో అతని బాధ కూడా ఉండొచ్చు. స్టూడియోకు వెళ్లే ముందు అతనితో విడిగా మాట్లాడండి, జట్టు కట్టడానికి కాదు, నిమిషాలతో రాసిన ఆ కాగితం చూపించి సరిగ్గా ఉందా అని అడగడానికి. షూటింగ్ వచ్చే నెలే కాబట్టి ఎక్కువ సమయం లేదు. ఈ ఆదివారం కళ్యాణదుర్గం బస్సెక్కండి, మిగతావాళ్లతో మాటలు ఆ తర్వాతే.